మామగారి కామెంటు

కోడలు స్కూల్లో కంప్యూటర్ టీచరు. మామగారు రిటైరైన ప్రోగ్రామింగ్ లెక్చరరు. తనలాంటి టీచర్లు పాఠాలు పంచుకుంటారని ఆమె ఆన్‌లైన్‌లో ఒక గ్రూపు పెట్టింది. చేరినవాళ్ళు వందల్లో ఉన్నా పాఠాలు పెట్టేది ఈ ఇద్దరే. మిగతావాళ్ళంతా బెల్లంకొట్టిన రాళ్ళు.

ఆ రోజు స్టాఫ్‌రూములో ఫోను చూసుకుని ఆమె గంతేసినంత పనిచేసింది. ఎవరో కొత్త టీచరు మొదటిసారి పాఠం పెట్టింది! పిల్లలచేత చప్పట్లు కొట్టిస్తూ, ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే లూప్ అంటే ఏమిటో నేర్పే పాఠం. కిందే మామగారి కామెంటు కనిపించింది.

"పదిసార్లని చెప్పి పదకొండుసార్లు తిరిగే ప్రోగ్రాం ఇచ్చారు. లెక్కపెట్టడం రానివాళ్ళు పాఠాలు రాస్తే పిల్లల గతి ఇంతే!"

మధ్యాహ్నానికి ఆ పాఠం మాయమైంది. కొత్త టీచరుకి కోడలు పంపిన మెసేజికి బదులు లేదు. ఇంటికి వెళ్ళేదాకా బస్సులో మాటలు కూడబలుక్కుంది. తీరా ఆయన ఎదుట నిలబడేసరికి వాటిలో ఒక్కటే బయటికొచ్చింది.

"మామయ్యగారూ, ఆ కామెంటు తీసేయండి."

"తప్పుని తప్పనకూడదామ్మా?"

"విడిగా చెప్పండి. నలుగురిలో అలా కడిగేస్తే ఇంకెవరైనా నోరు విప్పుతారా?"

"అంటే, అందరూ నోళ్ళు మూసుకుంది నా వల్లేనంటావు."

అవునంటే ఒక తంటా, కాదంటే ఒక తంటా. "కొంత మీ వల్లేనండి," అంది నేల చూస్తూ.

ఆయన కామెంటు తీసేశారు. దాంతో ఆగక గ్రూపులోంచే వెళ్ళిపోయారు. రాత్రి భోజనానికి కంచం తన గదిలోకే పట్టుకెళ్ళారు. కొత్తామె పోయింది, ఉన్న పెద్దదిక్కూ పోయింది. రెంటికీ చెడ్డ రేవడినయ్యాననుకుంది కోడలు.

మర్నాడు సాయంత్రం కొత్త టీచరు మెసేజి వచ్చింది. "సార్ చెప్పిన తప్పు నిజమే మేడం. మాటే గుచ్చుకుంది. నేను లెక్కల టీచర్ని. కంప్యూటర్ క్లాసులు నా నెత్తిన రుద్దారు. పాఠం దిద్ది దీంతోపాటే పంపుతున్నాను. మళ్ళీ పెట్టేముందు సార్ ఒకసారి చూస్తారా?"

ఆమె ఫోను తీసుకెళ్ళి మామగారి చేతిలో పెట్టింది. ఆయన పాఠం చదివారు. మళ్ళీ చదివారు.

"ఇంకో తప్పుంది," అన్నారు చివరికి.

"చెప్పండి... కాస్త మెల్లిగా."

ఆయన రాశారు, చెరిపారు, మళ్ళీ రాశారు. ఫోను ఆమె వైపు తిప్పారు.

"చూడమ్మా, ఎక్కడైనా గుచ్చుకుంటోందా?"

ఆమె ఒక్క మాట తీసేయించి పంపించింది.