రెండోసారి కాల్చిన కత్తి

పెద్దకత్తుల చరిత్ర అడిగితే ముసలి కమ్మరి తిండి మానేసి మరీ చెబుతాడు. ముక్కు ముందుకు వంగినది అడవిలో దారి చేయడానికి, వెడల్పాటిది చెరకు కోతకు, వీపు మందంగా ఉన్నది కొమ్మలు కొట్టడానికి. అన్నీ ఆయన ముత్తాత నమూనాలే. చూపు మందగించిందని మాత్రం ఛస్తే ఒప్పుకోడు. కాలిన ఇనుము ఏ ఎరుపుకొస్తే నూనెలో ముంచాలో ఆయన కళ్లకు ఆనడం లేదు. కత్తులు మాడిపోతున్నాయి.

అది కనిపెట్టింది కూతురొక్కతే. నిప్పులాంటి మనిషి ముందు ఆ మాట ఎవరనగలరు? అందుకే ఏడాదిగా, మధ్యాహ్నం ఆయన కునుకు తీసే గంటలో, ఆ కత్తుల్ని మళ్లీ కాల్చి, నూనెలో ముంచి, ముంచినప్పుడొచ్చే పెళుసును సన్నసెగ మీద తీసి, ఏమీ ఎరగనట్టు కుప్పలో పెట్టేస్తోంది. మహా తెలివైన పని చేస్తున్నాననుకుంది, పిచ్చిది.

ఆ ఉదయం చెరకు కోసేవాడి భార్య విరిగిన కత్తి తెచ్చి బల్ల మీద పెట్టింది. ముక్క ఎగిరి మొగుడి మోకాల్లో దిగిందట. ఇక కుంటేనని డాక్టరు తేల్చేశాడట. తిట్టనైనా తిట్టకుండా వెళ్లిపోయింది.

ముసలాయన విరిగిన అంచు తడిమి, సమ్మెట పక్కన పెట్టేశాడు. తన చేతి కత్తి మనిషిని అవిటివాణ్ణి చేశాక ఇంకా బతికేం లాభం అన్నాడు.

కూతురు ఆ కత్తిని గుర్తుపట్టింది. దాన్ని మళ్లీ కాల్చిన రోజు నాన్న కునుకు నుంచి ముందే లేచేసరికి, సన్నసెగ చూపించకుండానే కుప్పలోకి విసిరేసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే ఆయన పరువు పోతుంది, చెప్పకపోతే చేయని పాపం మోస్తూ కుమిలిపోతాడు.

"అది నా తప్పు నాన్నా. నేను మళ్లీ కాల్చాను. పెళుసు తీయలేదు."

"మళ్లీ ఎందుకు కాల్చావ్?"

ఏడుస్తూనే అంతా చెప్పేసింది. ఆయన కత్తుల కుప్ప వైపు తిరిగాడు.

"ఈ ఏడాదిలో నువ్వు ముట్టుకోకుండా బయటికెళ్లింది ఒక్కటైనా ఉందా?"

ఉందని ఒక్క అబద్ధమాడితే సరిపోయేది. నోరు రాలేదు.

"లేదు నాన్నా."

ఆయన లేచి చెప్పులు వెతుక్కున్నాడు. చెరకు కోసేవాడి ఇంటికి వెళ్దామన్నాడు. అక్కడ తనేం చెప్పాలని అడిగిందామె.

"ఇప్పుడు నాకు చెప్పిందే చెప్పు. నా కళ్ల సంగతితో సహా."

గడప దగ్గర ఆగి, దారి కోసం మొదటిసారి కూతురి భుజం పట్టుకున్నాడు.