నేనున్న ముప్పై ఫొటోలు

నేను ఒక మూతను. సీసాదో డబ్బాదో కాదు, కెమెరా లెన్సు మీద పెట్టే నల్ల మూతను. మొన్న ఆదివారం పొద్దున ఈ ఇంట్లో జరిగిన గొడవకు నేనే కారణం కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఇంటి పెద్దావిడ మునెమ్మగారికి చక్కెర జబ్బు. రోజూ రాత్రి గ్లాసెడు నీళ్లలో మెంతులు నానబెట్టుకుంటారు. శనివారం రాత్రి ఆ గ్లాసు మీద మూయడానికి చిన్న పళ్లెం కనబడలేదు. బల్ల మీదున్న నన్ను తీసి పెట్టారు. కొలిచి చేసినట్టు సరిపోయాను. తెల్లవారి కోడలు హేమలత నా కోసం ఇల్లంతా వెతికి, చివరికి వంటింట్లో పట్టుకుంది. అప్పటికే నా అంచున మెంతుల జిగురు ఎండి ఉంది.

“ఇది కెమెరాది అత్తా. జిగురు అద్దానికి అంటుకుంటుంది” అంది హేమలత.

“మూత మూతే కదమ్మే. దేని మీద పెడితే ఏమి? దానికీ నీ మాదిరి పట్టింపులా?” అన్నారు మునెమ్మగారు.

అలా మొదలైన మాట, కాఫీ ఫిల్టరు మూత ఎవరు పోగొట్టారన్న దాని మీదుగా, ఆరేళ్ల కిందట అడుగంటిన ఇడ్లీ పాత్ర దాకా వెళ్లింది. మనుషులకు పాత తగాదాలన్నీ ఒకే అరలో ఉంటాయి. ఒకటి తీయబోతే అన్నీ కింద పడతాయి. పేపరు చదువుతున్న ఇంటాయన రెడ్డెప్ప తల ఎత్తకుండానే, “గురువారం దాకానే కదా ఈ గోల. ఆ పైన కెమెరా ఉండదు, మూతా ఉండదు” అన్నాడు.

హేమలత నన్ను తడిబట్టతో తుడిచి, పొడిబట్టతో మళ్లీ తుడిచి, లెన్సుకు పెట్టింది. ఎప్పుడూ సున్నితంగా తిరిగే ఆమె వేళ్లు ఆ రోజు కొంచెం గట్టిగా నొక్కాయి.

గురువారం ఏమిటో చెప్పాలంటే నా పుట్టుక దాకా పోవాలి. నేను పుట్టింది సముద్రం అవతలి ఒక కర్మాగారంలో. కరిగిన ప్లాస్టిక్కును అచ్చులో పోసి, అటొకటి ఇటొకటి రెండు చిన్న స్ప్రింగులు బిగిస్తే నేనయ్యాను. నా తోడబుట్టినవాళ్లు లక్షల్లో ఉంటారు. ఎక్కడెక్కడి బస్సు సీట్ల కింద పడి ఉన్నారో తెలియదు. మా జాతిలో ఎక్కువమంది ముగింపు అదే.

నా మొదటి యజమాని తిరుపతిలో పత్రికలకు ఫొటోలు తీసేవాడు. నన్ను లెన్సుకు పెట్టింది తక్కువ, సిగరెట్టు నుసి రాల్చుకున్నది ఎక్కువ. ఆయన పని మానేసేటప్పుడు కెమెరాతో, లెన్సుతో పాటు నేనూ మదనపల్లెలో స్టూడియో నడిపే రెడ్డెప్ప చేతికి వచ్చాను. కింద స్టూడియో, పైన ఇల్లు, ఆ పైన మిద్దె.

రెడ్డెప్ప శుభ్రమైన మనిషి. పెళ్లిళ్లలో నన్ను తీయగానే చొక్కా జేబులో వేసుకునేవాడు. ఆ జేబులో పసుపు అక్షింతలతో, వక్కపలుకులతో కలిసి ఎన్ని ముహూర్తాలు గడిపానో. వందల పెళ్లిళ్లకు వెళ్లాను, ఒక్క పెళ్లీ చూడలేదు. నా బతుకే అంత: నేను తప్పుకుంటేనే ఫొటో. నేనుండగా ఎవరైనా మీట నొక్కితే అది పొరపాటు. “సార్, మూత తీయలేదు” అని చిన్నపిల్లలు కూడా నవ్వేవాళ్లు. సేవ చేసేవాడు కనబడకూడదని మనుషులు పెట్టుకున్న నియమాలు నాకు కొత్త కాదు గానీ, నేను లేకపోవడమే నా సేవ కావడం అప్పుడప్పుడు చిన్నతనంగా ఉండేది.

హేమలత ఆ ఊళ్లోనే ఫిజిక్సు చదివి డిగ్రీ తీసుకుంది. పెళ్లయ్యాక ఇరవై ఏళ్లు ఇల్లు చూసుకుంటూ, స్టూడియో ఆల్బముల్లో ఏ ఫొటో పక్కన ఏది రావాలో చెబుతూ వచ్చింది. రెండేళ్ల కిందట చలికాలంలో ఒక సాయంత్రం, వడియాలు ఎత్తడానికి మిద్దె మీదికి వెళ్లినప్పుడు వీధంతా కరెంటు పోయింది. వడియాలు అక్కడే వదిలేసి కిందికి వచ్చి, మూలనున్న ఈ పాత కెమెరాను తీసుకెళ్లింది. వేటగాడి నక్షత్రాలని పిలిచే గుంపు వైపు పెట్టి కొన్ని ఫొటోలు తీసింది. అన్నింటిలోనూ ఒకేచోట చిన్న ఎర్రటి మరక. లెన్సు మీద ఏదో ఉందనుకుని మూడుసార్లు తుడిచింది. తుడిచినకొద్దీ మరక ఇంకా స్పష్టంగా పడింది. అది నెబ్యులా అని, కొత్త చుక్కలు పుట్టే ధూళిమేఘమని తన పాత పుస్తకంలో చూసి తెలుసుకుంది. ఆ తర్వాత ఆమె మిద్దెను వదల్లేదు. చుక్కల వెంట కెమెరాను మెల్లగా తిప్పే చిన్న మోటారు కూడా తెప్పించుకుంది.

నా జన్మ మారింది ఆమె చేతిలోనే. చుక్కల ఫొటో ఒక్క నొక్కుతో అయ్యేది కాదు. నిమిషం చొప్పున యాభై, అరవై తీసి, అన్నీ కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి కలపాలి. అంతసేపు తెరిచి ఉంచితే పాత కెమెరా తన ఒంటి వేడికి తానే ఎర్రటి, నీలం చుక్కలు పుట్టిస్తుంది. నిజమైన చుక్కేదో, కెమెరా పుట్టించిందేదో తేలాలంటే మార్గం ఒకటే. లెన్సుకు మూత పెట్టి, అంతే చలిలో, అంతేసేపు మరికొన్ని ఫొటోలు తీయాలి. వెలుగు లేదు కాబట్టి వాటిలో పడేవన్నీ కెమెరా అబద్ధాలే. వాటిని అసలు ఫొటోల్లోంచి తీసేస్తే ఆకాశం మిగులుతుంది.

మొదటిసారి ఆమె నన్ను బిగించి, తెలిసి తెలిసి మీట నొక్కినప్పుడు ఏదో మరిచిపోయిందనుకుని సిగ్గుపడ్డాను. రెండోసారీ నొక్కింది. మూడోసారీ. అప్పుడర్థమైంది. నేనుంటేనే తప్ప కుదరని ఫొటోలు లోకంలో ఉన్నాయి. ఆ కృతజ్ఞత నన్ను ఇప్పటికీ విడిచిపోలేదు.

ఇక గురువారం సంగతి. రెడ్డెప్ప స్టూడియోకు కొత్త కెమెరా కొన్నాడు. పాతదాన్ని లెన్సుతో సహా మార్పిడి కింద ఇస్తానని తిరుపతి దుకాణదారుకు మాట ఇచ్చాడు. ఆయన గురువారం పొద్దున వచ్చి తీసుకెళతాడు. ఉంచుకుంటానని హేమలత అడిగితే రెడ్డెప్ప కాదనలేదు, సరేననలేదు. “రెండేండ్ల నుంచి చుక్కలు తీస్తా ఉండావు. ఒక్కటన్నా ఫ్రేము కట్టించినావా? గోడకు తగిలించే పటం ఒకటి చూపించు, మాట్లాడదాం” అన్నాడు. అందులో న్యాయం లేకపోలేదు. ఆమె తీసిన ఏ ఫొటో ఆమెకే నచ్చలేదు. ఒకదాని మూల నల్లబడిందనేది, ఇంకోదానిలో చుక్కలు కోడిగుడ్లలా సాగాయనేది.

అదృష్టం కొద్దీ ఆ వారమే తెల్లవారుజామున తూర్పున ఒక తోకచుక్క కనబడుతోంది. సోమవారం మంచు. మంగళవారం ఇంకా దట్టమైన మంచు. టమాటా మార్కెట్టుకు వెళ్లే లారీల లైట్లు కూడా పాలలో ముంచినట్టు కనబడ్డాయి. బుధవారం నాలుగున్నరకు మిద్దె తలుపు తీస్తే ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. హేమలత బట్టల తీగకు కట్టిన థర్మామీటరు చూసి, డైరీలో పదమూడు డిగ్రీలని రాసుకుంది. యాభై నిమిషాలు నేను ఆమె శాలువా కొంగు ముడిలో ఉన్నాను. తూర్పు తెల్లబడ్డాక నన్ను బిగించి, పైన నల్లగుడ్డ చుట్టి, ముప్పై ఫొటోలు తీసింది. చలికి ఆమె పళ్లు కటకటమంటున్నా లెక్క తప్పలేదు.

తర్వాత ఆమె కిందికి వెళ్లి పిండి రుబ్బుకుంటుంటే, హాస్టలు నుంచి సెలవులకు వచ్చిన కూతురు హర్షిత సాయం చేద్దామని ఫొటోలు కంప్యూటరులోకి ఎక్కించింది. యాభై బాగానే ఉన్నాయి. ఆ తర్వాత ముప్పై, ఒకదాని వెంట ఒకటి, నల్లగా. పాపం అమ్మ మూత తీయడం మరిచిపోయిందనుకుంది. తండ్రి చూస్తే ఎగతాళి చేస్తాడని ఆ ముప్పైనీ చెరిపేసి, కార్డు కూడా ఖాళీ చేసి, వంటింట్లోకి వచ్చి తల్లి చెవిలో చెప్పింది. “నీ పరువు కాపాడినాలేమ్మా. నాయన చూడకముందే తీసేసినా.”

హేమలత గ్రైండరు ఆపింది. కోపం వస్తే ఆమె చేతులు కడుక్కుంటుంది. ఆ రోజు మోచేతుల దాకా కడుక్కుంది. తర్వాత కూతురిని పక్కన కూర్చోబెట్టి ఆ నల్ల ఫొటోలు ఎందుకో చెప్పింది. విని హర్షిత ఏడుపు మొదలుపెట్టింది. నాకు కోపం రాలేదు. అమ్మ తప్పును నాన్న కంట పడకుండా దాచాలనుకున్న పిల్లను ఏమంటాం? అయినా నేనున్న ఫొటోలను పొరపాటని చెరపడం లోకానికి అలవాటే.

మరుసటి తెల్లవారే దుకాణదారు వస్తాడు. మిద్దె మీద అప్పటికే ఎండ. పదమూడు డిగ్రీల చలి ఎక్కడి నుంచి తేవాలి? హేమలత వంటిల్లంతా ఒకసారి చూసి, ఫ్రిజ్జు తలుపు తీసింది. అడుగునున్న కూరగాయల అరలోంచి టమాటాలు, గోంగూర తీసి చేటలో పోసింది. థర్మామీటరు పెట్టి చూస్తే తొమ్మిది. మీట తిప్పి చల్లదనం తగ్గించింది. కాసేపాగి చూస్తే పదకొండు. ఇంకా తిప్పింది. పదమూడు వచ్చి నిలబడేసరికి పదకొండు గంటలైంది. నన్ను లెన్సుకు బిగించి, కెమెరాకు చెమ్మ తగలకుండా కవరు చుట్టి, ఆ అరలో పడుకోబెట్టింది. తనంతట తానే నిమిషానికొకటి తీసేటట్టు అమర్చి, తలుపు మూసి కింద దొడ్లోకి వెళ్లింది.

ఆ చీకట్లో నేను, కెమెరా, పైన పెరుగు గిన్నె. నా బతుకులో అంత నిండుగా ఎప్పుడూ లేను.

నాలుగో ఫొటోకు తలుపు తెరుచుకుంది. మజ్జిగ కోసం మునెమ్మగారు. సరిగ్గా అప్పుడే కెమెరా టిక్కుమంది.

“ఏమే హేమా, ఫ్రిజ్జులో ఏదో ఉండాది. పళ్లు కొరుకుతా ఉండాది” అన్నారు.

హేమలత పరుగున వచ్చి తలుపు వేసి, విషయం చెప్పింది. ఇది కుదరకపోతే రేపు కెమెరా పోతుందత్తా అంది. “చలిపెడితే దుప్పటి కప్పేది చూసినాం గానీ, కావాలని చలిపెట్టేది ఇప్పుడే చూస్తాండా” అని మునెమ్మగారు ముక్కాలి పీట లాక్కుని ఫ్రిజ్జుకు వీపు ఆనించి కూర్చున్నారు. గంటన్నర సేపు ఆ తలుపు ఎవరినీ ముట్టనివ్వలేదు. పక్కింటావిడ మంచునీళ్లు అడిగితే కుండలోవి ఇచ్చారు. భోజనానికి వచ్చిన కొడుకు పెరుగు అడిగితే, ఈ పూట పెరుగు లేదు, పచ్చడేసుకో అన్నారు. ఎందుకు లేదో చెప్పలేదు. తలుపు తెరిచినప్పుడు అర వేడెక్కింది కాబట్టి తీసిన నాలుగూ వదిలేసి, మళ్లీ పదమూడుకు వచ్చాక హేమలత ముప్పైనీ మొదటినుంచి తీసింది.

సాయంత్రానికి ఫొటో తేలింది. తల్లీకూతుళ్లు కంప్యూటరు ముందు కూర్చుని నా ముప్పైనీ ఆ యాభైలోంచి తీసేశారు. తెర మీద చల్లినట్టున్న ఎర్రచుక్కలూ నీలిచుక్కలూ ఒక్కసారిగా మాయమయ్యాయి. లేత ఆకుపచ్చ తల, దాని నుంచి పైకి చీల్చినట్టు సన్నని తోక. ఆ తోకలో మధ్యన ఒక చిన్న మెలిక కూడా ఉంది. మునెమ్మగారు కళ్లద్దాలు సర్దుకుని దగ్గరికి వంగి, చిన్నప్పుడు ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావి దగ్గర వాళ్ల నాయన భుజాన కూర్చుని ఇట్లాంటిదే చూశానని, మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయని చెప్పారు. తోకచుక్క కీడని అందరూ అంటారే అని హర్షిత అంటే, “అన్నోళ్ల చేన్లో పడలేదేమో, మా చేన్లో పడినాయి” అన్నారు.

రెడ్డెప్ప స్టూడియో మూసి పైకి వచ్చాడు. పెళ్లి ఆల్బముల అలవాటు పోలేదు. తోకచుక్కను మధ్యకు తెస్తే బాగుంటుందన్నాడు, ఆకాశం కొంచెం నీలంగా చేద్దామన్నాడు. వద్దు, అది ఎక్కడుందో అక్కడే ఉండాలంది హేమలత. అప్పుడతను కుర్చీ లాక్కుని, ఫొటోను పెద్దది చేసి ఒక మూల నుంచి ఇంకో మూలకు, వరుస తప్పకుండా చూసుకుంటూ పోయాడు. అట్లా చూడటం మొదలుపెడితే అతను తప్పు దొరికేదాకా లేవడు. చాలాసేపటికి లేచాడు. “చుక్కలన్నీ గుండ్రంగా ఉండాయి” అని, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. వెళ్తూ దారిలో ఎవరికో ఫోను చేసి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

ఎనిమిదికి అందరూ భోజనానికి కూర్చున్నారు. రాగిసంగటి, శెనగవిత్తనాలు నూరిన ఊరుబిండి పచ్చడి, చారు. నేను పక్క బల్ల మీద, కెమెరాకే ఉన్నాను. హేమలత వడ్డిస్తోంది గానీ ఎవరి ముఖమూ చూడటం లేదు. రెడ్డెప్ప సంగటిముద్దలో గుంట చేసి చారు పోసుకుని, తల వంచుకునే చెప్పాడు.

“తిరుపతి ఆయనకు ఫోను చేసినా. మాట తప్పినందుకు నాలుగు తిట్లు తిన్నా. ఇచ్చేదీ ఇవ్వనిదీ నాది కాదప్పా, కెమెరా మా ఇంట్లో ఆమెది, రేపొచ్చి ఆమెనే అడుగు అన్నా. వస్తానన్నాడు. ఏం చెప్తావో నీ ఇష్టం.”

ముద్ద నోటి దగ్గర ఆపి హర్షిత తల్లి వైపు చూసింది. మునెమ్మగారు చారు గిన్నె కోడలి వైపు జరిపి, ముందు కూర్చుని తినమన్నారు. హేమలత కూర్చుంది. కంచంలో సంగటి పెట్టుకుంది. అప్పుడు అంది.

“ఇవ్వనని చెప్తా.”