కిటికీ వైపు మంచాలు

పిచ్చుక అంకెల్ని మళ్ళీ కూడింది. మళ్ళీ అదే వచ్చింది.

"నువ్వు కూడు," అంటూ కాగితాలు నిచ్చెన ముందుకు తోసింది.

నిచ్చెన అంటే ఆమెతోపాటు నర్సింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్న కుర్రాడు. గుమ్మం దగ్గర తల వంచడం మర్చిపోయి రోజుకోసారైనా నుదురు రుద్దుకుంటూ ఉంటాడు. బక్కపలచగా ఉండి గుక్కతిప్పుకోకుండా మాట్లాడే ఆ అమ్మాయికి పిచ్చుక అని పేరు పెట్టింది వాడే. వాడికి మాత్రం క్లాసంతా కలిసి పెట్టింది. ఇద్దరిదీ ఒకే రీసెర్చ్ ప్రాజెక్టు.

వాడు కాలిక్యులేటర్ నొక్కి చూసి పెదవి విరిచాడు. "కొంప మునిగింది."

కడుపు ఆపరేషన్ అయినవాళ్ళు తొందరగా లేచి నాలుగడుగులు వేస్తే కాళ్ళలో రక్తం గడ్డకట్టదు, కఫం పేరుకోదు, పేగులు కదులుతాయి. ఈ సంగతి నర్సులందరికీ తెలుసు. మంచం మీద ఉన్నవాళ్ళకి తెలియదు, తెలిసినా లేవరు. అందుకని వీళ్ళిద్దరూ ఒక వీడియో తయారుచేశారు. ఆడవాళ్ళ సర్జికల్ వార్డులో గోడ వైపు మంచాల వాళ్ళకి దాన్ని ల్యాప్‌టాప్‌లో చూపించి, పక్కన కూర్చుని విడమరిచి చెప్పారు. కిటికీ వైపు మంచాల వాళ్ళకి వీడియో లేదు, వార్డు సిస్టర్లు రోజూ చెప్పే మాటలే. తర్వాత ఎవరు ఎన్నిసార్లు లేచి నడిచారో రాసుకున్నారు. వీడియో చూసినవాళ్ళే ఎక్కువ నడుస్తారని ఇద్దరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే నిచ్చెన సిగ్గు విడిచి అందులో రోగి వేషం వేశాడు.

తీరా చూస్తే కిటికీ వైపు వాళ్ళే ఎక్కువ నడిచారు. అదీ కాస్తో కూస్తో కాదు, దాదాపు రెట్టింపు.

"అంటే, మనం చెప్పాక నడిచేవాళ్ళు కూడా మానేశారన్నమాట," అన్నాడు నిచ్చెన.

"నీ నటన చూసి జడుసుకుని ఉంటారు."

"నవ్వులాట కాదు తల్లీ. రేపు పొద్దున మేడమ్‌కి ఏం చెప్తాం?"

మర్నాడు గైడ్ మేడమ్ అన్ని జట్లనీ పిలిచి ప్రశ్నలు అడుగుతుంది. వాటిలో రెంటికి మాత్రమే రీసెర్చ్ డే నాడు పెద్ద హాల్లో డాక్టర్లు, సిస్టర్లు, మిగతా క్లాసుల ముందు మాట్లాడే అవకాశం ఇస్తుంది. పిచ్చుకకి ఆ హాలు కావాలి. మొదటి ఏడు వెనక బెంచీలో కూర్చుని, సీనియర్ ఒకామె మైకు ముందు జంకూ గొంకూ లేకుండా డాక్టర్లకి జవాబులు చెప్పడం చూసింది. అప్పటినుంచీ కావాలి.

మొదటి స్లైడు గొడవ ఇంకొకటి ఉంది. ఈ వృత్తిలోకి ఎందుకొచ్చారో ప్రతి ఒక్కరూ ఒక్క వాక్యంలో చెప్పాలని మేడమ్ నియమం. "మా ఇంట్లో అందరూ రక్తం చూస్తే కళ్ళు తిరిగి పడిపోతారు, లేవదీయడానికి ఒకడుండాలి కదా" అని నిచ్చెన రాశాడు. మేడమ్ నవ్వి వదిలేసింది. పిచ్చుక "సేవ చేయాలని" అని రాస్తే దాని కింద గీత గీసి, "క్లాసులో సగం మంది ఇదే రాశారు. ఇది నీదేనా?" అని వెనక్కి పంపింది.

"ఒక పని చేద్దాం," అన్నాడు నిచ్చెన. "వీడియోల వల్ల లాభం లేదని రాసేద్దాం. అదీ ఒక ఫలితమే. వింతగా ఉంది కాబట్టి హాలు మనకే ఇస్తారు."

"అది నిజమేనా కానీ?"

"అంకెలు అలాగే ఉన్నాయిగా."

"అంకెలు బానే ఉన్నాయి. మనమే ఏదో చూసుకోలేదు," అని పిచ్చుక సంచీ భుజాన వేసుకుంది.

ఇంటికి వెళ్ళేసరికి ముందుగదిలో తల్లి కర్టెన్లు ఇస్త్రీ చేస్తోంది. కర్టెన్లు, దిండు గలీబులు కుట్టివ్వడం ఆమె పని. గదంతా వేడి గుడ్డ వాసన.

"ఏంటే, ముఖం అలా వేలాడేసుకొచ్చావు?"

"అంకెలు తిరగబడ్డాయమ్మా."

"ముందు చేతులు కడుక్కుని తిను. తిరగబడినవి ఎక్కడికీ పోవు."

పిచ్చుక కంచం పెట్టుకుని కూర్చుంది. అంతలో అమ్మమ్మ వంటింట్లోంచి గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. మోకాళ్ళు బిగుసుకుపోతున్నాయి, నడవకపోతే కుదరదు అని డాక్టర్ ఎప్పుడో చెప్పాడు. మనవరాలైతే పొద్దునా సాయంత్రం బతిమాలుతూనే ఉంది. అయినా ఆవిడ కుర్చీ వదలదు. అలాంటిది ఇప్పుడు చేతిలో ఫోను పట్టుకుని రుసరుసలాడుతూ నడిచి వస్తోంది.

"మీ అమ్మకి బుద్ధుందేమో అడుగు. నా కుర్చీ పక్కనున్న ప్లగ్గులో ఇస్త్రీపెట్టె పెట్టుకుని, నా ఛార్జర్ తీసుకెళ్ళి వంటింట్లో తగిలించింది. పొద్దుట్నుంచీ అటూ ఇటూ తిరగలేక చస్తున్నాను."

"తిరగమనేగా డాక్టర్ చెప్పింది," అంది తల్లి, ఇస్త్రీపెట్టె మీంచి కళ్ళు తిప్పకుండా.

"ఆయన నడవమన్నాడు. ఇది నడకటే? మా చెల్లెలు ఫోన్ చేస్తే ఎత్తద్దూ?"

పిచ్చుక చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"అమ్మమ్మా, నేను చెప్తే ఒక్కసారైనా లేచావా నువ్వు?"

"నువ్వు చెప్పేది నా మంచికే కదా. దానికి తొందరేముంది? మా చెల్లెలైతే ఫోన్ పెట్టేస్తుంది."

పిచ్చుక ముద్ద కంచంలో వదిలేసి లేచింది. ఎడంచేత్తోనే నిచ్చెనకి ఫోన్ చేసింది.

"ఒరేయ్, వార్డులో ప్లగ్గులు ఎక్కడున్నాయి?"

"ప్లగ్గులా? మంచాల పక్కన."

"ఏ మంచాల పక్కన?"

"గోడ వైపు."

"మరి కిటికీ వైపు?"

"అటంతా అద్దాలేగా. ప్లగ్గెక్కడ పెడతారు?"

"మనం గోడ వైపు వాళ్ళకే వీడియో ఎందుకు చూపించామో చెప్పు."

నిచ్చెన చిన్న గొంతుతో అన్నాడు: "మన ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ పనిచెయ్యదు కాబట్టి."

"ఇప్పుడే బయల్దేరు!"

"తినేసి వెళ్ళవే!" అని తల్లి అరిచేలోపే పిచ్చుక చెయ్యి కడుక్కుని గుమ్మం దాటింది.

వార్డులో బంధువులు వచ్చే వేళ. కుర్చీల చప్పుళ్ళు, పళ్ళ సంచులు, గుసగుసలు. ఇద్దరూ సిస్టర్ల బల్ల పక్కన నిలబడ్డారు. కిటికీ వైపు మంచం మీంచి పిత్తాశయం తీసేసిన ఒక రిటైర్డ్ టీచరమ్మ లేచి కూర్చుంది. ఒక చేత్తో కుట్లు అదుముకుని, రెండో చేత్తో ఛార్జర్ పట్టుకుని, వార్డు అడ్డంగా దాటి గోడ వైపు వచ్చింది.

పిచ్చుక ఎదురెళ్ళి, "ఎక్కడికి టీచర్?" అని అడిగింది.

"ఎక్కడికేంటమ్మా? ఫోన్ చచ్చిపోయింది. కాసేపట్లో మనవరాలు వీడియోలో కనిపిస్తానంది. అది తలకి రిబ్బన్లు కట్టుకుని కూర్చుంటుంది, నేను కనబడకపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది."

"నడిస్తే నొప్పి లేదా?"

"ఎందుకు లేదూ? ఉంది," అంటూనే టీచరమ్మ ముందుకు సాగిపోయింది.

ఇవతల గోడ వైపు మంచం మీద బస్సు కండక్టరమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. ఫోను ప్లగ్గుకే ఉంది. వైరు పొట్టిది కావడంతో ఆవిడ తల కూడా ప్లగ్గు వైపే వాలి ఉంది.

"ఇవాళ లేచారా అక్కా?" అని అడిగాడు నిచ్చెన.

"నువ్వే కదూ ఆ వీడియోలో? అబ్బ, ఏం మూలిగావు బాబూ! కుట్లు నొప్పెడుతుంటే నవ్వలేక చచ్చాను. నడవాలని బాగా అర్థమైంది. రేపు నడుస్తాను."

"నిన్న కూడా రేపే అన్నారు."

"టికెట్ కొట్టేశానా ఏంటి ఖచ్చితంగా ఎక్కడానికి?" అని ఆవిడ మళ్ళీ ఫోన్ వైపు తిరిగింది.

కిటికీ వైపు వాళ్ళందరినీ వరసగా అడిగారు. ఇన్ని రోజులూ ఎన్నిసార్లు లేచారని రాసుకున్నారే గానీ, ఎక్కడికి వెళ్తున్నారని ఒక్కరినీ అడగలేదు. చాలామంది ప్లగ్గు కోసమే అన్నారు. ఒకావిడ మాత్రం పక్కన కుర్చీలో నిద్రపోతున్న భర్తని చూపించి, "ఆ గురక భరించలేక వసారాలోకి పోతాను. ఆపరేషన్ నాకు, నిద్ర ఆయనకి," అంది.

వసారాలోకి రాగానే పిచ్చుక ఒక్క గెంతు గెంతింది. "చూశావా! చూశావా!"

"చూశాను. మనం వీడియో మీద కాదు, ప్లగ్గుల మీద పరిశోధన చేశాం," అన్నాడు నిచ్చెన. వాడి ముఖం మాత్రం వాడిపోయింది. "నువ్వు గెంతుతున్నావు గానీ, ఇది చెప్తే మన పద్ధతే తప్పని మనమే ఒప్పుకున్నట్టు. హాలు పోతుంది. ప్లగ్గు సంగతి మనిద్దరికీ తప్ప ఎవరికి తెలుసు?"

పిచ్చుక గెంతడం ఆపింది. హాలు, మైకు, ఆ సీనియర్ కళ్ళముందు మెదిలారు.

"మైకు ముందు నిలబడి తెలిసి తెలిసి తప్పు చెప్తే, ఏ డాక్టరో 'ఎందుకలా జరిగింది' అని అడిగితే? నాకు జవాబు తెలిసి కూడా మింగేసి నిలబడాలా? నా వల్ల కాదు. రేపు చెప్పేస్తాను. నువ్వు పక్కన ఉంటావా, లేదా?"

నిచ్చెన నుదురు రుద్దుకున్నాడు. "ఉండక చస్తానా."

పొద్దున మేడమ్ గదిలో పిచ్చుక మొదలుపెట్టిన మాట ఆపలేదు. అంకెలు, అమ్మమ్మ, ఛార్జర్, టీచరమ్మ, కండక్టరమ్మ, చివరికి ల్యాప్‌టాప్ బ్యాటరీ. మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"అంటే మీ స్టడీ చెల్లదు."

"చెల్లదు మేడమ్!"

"అంత హుషారుగా చెప్తావేంటి?"

నిచ్చెన నేల చూపులు చూశాడు. పిచ్చుక బల్ల దగ్గరికి జరిగింది.

"మేడమ్, ఆ మొదటి స్లైడ్‌లో నేను రాసింది నాది కాదు. అందరూ రాస్తున్నారని రాశాను. చేరమంది మా అమ్మ, ఉద్యోగం దొరుకుతుందని. నేనూ అందుకే చేరాను. కానీ నిన్న టీచరమ్మ కుట్లు పట్టుకుని నా ముందునుంచి నడుచుకుంటూ పోతుంటే, ఒళ్ళంతా జలదరించింది. నొప్పిలో ఉన్న మనిషి ఎందుకు లేస్తుందో, ఎందుకు లేవదో పక్కన నిలబడి కనిపెట్టడమే పనిగా ఉన్న ఉద్యోగం ఇంకెక్కడ దొరుకుతుంది? ఎందుకు చేరానంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు మేడమ్. ఎందుకు ఉండిపోతానో మాత్రం నిన్ననే తెలిసింది."

మేడమ్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. బయట తలుపు దగ్గర తర్వాతి జట్టు గొంతులు వినిపిస్తున్నాయి.

"ఇప్పుడు చెప్పిందే రాయి స్లైడ్‌లో. కాస్త చిన్నది చెయ్యి," అంది. "హాల్లో ఎవరూ తమ తప్పుతో మొదలుపెట్టరు. మీరు పెట్టండి. మొదటి మాట అదే."

నిచ్చెన తలెత్తాడు. "హాల్లోనా మేడమ్?"

"మరి వంటింట్లోనా? కానీ ఒకటి. 'ప్లగ్గు వల్లే నడిచారు' అని మాత్రం అనకూడదు. అది మీకింకా తెలియదు. అనుమానం మాత్రమే. ఎలా తేలుస్తారు?"

"కిటికీ వైపుకి ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టి—" అని నిచ్చెన మొదలుపెట్టాడు.

"కాదు మేడమ్, గోడ వైపు ప్లగ్గులు ఆపేసి, వసారా చివర ఒక—"

"ప్లగ్గు ఆపితే కండక్టరమ్మ నిన్ను తంతుంది!"

"తన్నడానికైనా లేస్తుందిగా!"

"ఒక్కొక్కరు," అంది మేడమ్. తలుపు తీసి తొంగిచూసిన తర్వాతి జట్టుని చేత్తోనే ఆగమని, బల్ల అవతలి కుర్చీలు రెండూ కాలితో వాళ్ళ వైపు నెట్టింది. "కూర్చోండి. మొదట్నుంచీ చెప్పండి."