ఇరవై నిమిషాల పని

మూడో మెట్టు అంచు మీద సుద్దగీత లాగుతుండగా మేకులాయన మోకాలు కటుక్కుమంది. ఓ క్షణం ఆగి, మోకాలిని మనసులోనే ఓ మాట తిట్టుకుని, గీతను చివరిదాకా లాగాడు. వెనక వరండా నుంచి పెరట్లోకి దిగే మెట్లు ఐదు. ఐదింటి అంచుల మీదా బొటనవేలంత మందాన తెల్లగా గీయాలి. పొద్దున్న ఆరున్నర లోపు అయిపోవాలి. ఆయన్ని పనిలో పెట్టుకున్నప్పుడు రాసిచ్చిన కాగితంలో ఈ పని లేదు. ఆ మాటకొస్తే ఆయన చేసే పనుల్లో సగం ఆ కాగితంలో లేవు.

అది చర్చివాళ్లు నడిపే వృద్ధాశ్రమం. ఇరవై ఆరుమంది ముసలివాళ్లు, ఒక వార్డెను, ఇద్దరు వంటవాళ్లు, ఒక ఆయా, ఈయన. విరిగినవి అతకడం, ఊడినవి బిగించడం, కారేవి ఆపడం ఈయన వంతు. అరవై రెండేళ్ల పొట్టి మనిషి. మేకులు పెదాల మధ్య పెట్టుకుని పనిచేసీ చేసీ కింది పెదవి ఓ పక్కకు జారింది. నోట్లో ఏమీ లేకపోయినా ఏదో దాచుకున్నట్టే ఉంటాడు. ఆయన అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆరున్నరకు వరండా చివరి గది తలుపు తెరుచుకుని టీచరమ్మ బయటికొచ్చింది. నలభై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. ఇప్పుడు ఎనభై మూడు. కళ్లకు వెలుతురూ తెలుపూ తప్ప మరేమీ ఆనవు. మెడలో వేలాడే చిన్న గుడ్డసంచిలో ఇప్పటికీ సుద్దముక్కలు ఉంటాయి. మెట్ల మీద గీతల ఉపాయం ఆవిడదే. తెల్లగీత కనిపిస్తే అంచు కనిపించినట్టే.

“ఏమోయ్ మేకులూ, హోంవర్కు అయిందా?”

“అయిందండి టీచరమ్మగారూ.”

ఆవిడ వంగి, మెడ రిక్కించి చూసింది. “నాలుగోది వంకరొచ్చింది.”

“గీత కాదండి, మెట్టే వంకర.”

“పిల్లలందరూ ఇదే మాట. స్కేలు వంకర, బల్ల వంకర. వాళ్ల చెయ్యి మాత్రం ఎప్పుడూ తిన్నన.”

నవ్వుతూనే ఆవిడ చెయ్యి చాపింది. ఆయన ఒక మెట్టు కిందికి దిగి, పక్కకు తిరిగి భుజం ఇచ్చాడు. ఆ చెయ్యి పిట్టంత బరువు లేదు. కానీ దిగేటప్పుడు వేళ్లు బిగిసిపోతాయి. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ ఐదు మెట్లూ దిగి, పెరట్లో పదిహేను నిమిషాలు నడిచి, మళ్లీ అదే భుజం పట్టుకుని ఎక్కింది. సాయంత్రం ఐదింటికి మళ్లీ ఇదే వరస. గడియారం తప్పినా ఆవిడ తప్పదు.

పంతొమ్మిది రోజుల క్రితందాకా ఆవిడకు ఆయన భుజంతో పనిలేదు. మెట్ల పక్కన రెయిలింగు ఉండేది. ఇనుప ఊచల మీద బిగించిన పాత చెక్క. లోపల చెదలు తినేసి డొల్లయిపోయి, ఓ సాయంత్రం పుటుక్కున రెండు ముక్కలైంది. ఊచలు మాత్రం మొండిగా నిలబడి ఉన్నాయి. కొత్త కర్ర వేయడం మేకులాయనకు ఇరవై నిమిషాల పని. అప్పుడే రంపం పట్టుకుని బయల్దేరాడు కూడా. వార్డెను ఆపింది.

“వద్దు బాబాయ్. దాన్ని పిల్లల లిస్టులో రాద్దాం.”

పిల్లలంటే పెద్ద చర్చి యువజన బృందం. ఏటా సెలవుల్లో నాలుగు రోజుల సేవాయాత్రకు వస్తారు. నెల ముందే పాస్టరుగారు ఫోను చేస్తాడు. పిల్లలకు చేతినిండా పనుండాలి, అదీ ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది అన్నది ఫొటోలో తెలిసే పని అయ్యుండాలి అంటాడు. మూడేళ్ల కిందట మేకులాయన బుద్ధిగా అన్నీ ముందే బాగుచేసి పెట్టాడు. పాపం పిల్లలు నాలుగు రోజులూ ఎండుటాకులు ఊడ్చి వెళ్లారు. మరుసటి ఏడు సేవాయాత్ర ఇంకో ఆశ్రమానికి వెళ్లిపోయింది. వాళ్లతో వచ్చే దుప్పట్లూ మందులూ అటే వెళ్లాయి. ఆ చలికాలం వార్డెను తన దుప్పటి కూడా ఒక ముసలాయనకు ఇచ్చేసి, స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని పడుకుంది. అప్పట్నుంచి సెలవులు దగ్గరపడితే చాలు, ఆశ్రమంలో ఏది విరిగినా విరిగినట్టే ఉంచాలి. తోట బెంచీ మూడు కాళ్ల మీద నిలబడి, వంటింటి కిటికీ తాడుతో కట్టుకుని, పిల్లల కోసం కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూస్తాయి.

ఆ పిల్లల మీద మేకులాయనకు కోపం లేదు. మంచి పిల్లలు. వాళ్లు రంగులేసి వెళ్లాక కిటికీ అద్దాలు గోకడానికి ఆయనకు వారం పడుతుంది. గోకుతున్న ఆ వారమంతా వాళ్లు పాడిన పాటలే కూనిరాగం తీస్తుంటాడు.

కానీ ఈ ఏడు వాళ్లు రావలసిన రోజుకు రాలేదు. మొదట పరీక్షలు వాయిదా పడ్డాయన్నారు. తర్వాత బస్సు దొరకలేదన్నారు. వారం రోజులనుకున్నది పంతొమ్మిది రోజులైంది. చెయ్యి ఊరుకోక ఆయన ఈలోపల కొత్త కర్ర కోసి, చిత్రిక పట్టి, అరచేతికి ఎక్కడా గరుకు తగలకుండా నునుపు చేసి, నూనె రాసి, ఎనిమిది చోట్ల రంధ్రాలు పెట్టాడు. దాన్ని పాత గుడ్డలో చుట్టి కొట్టంలో తలుపు వెనక నిలబెట్టాడు. ఇక మిగిలింది ఎనిమిది స్క్రూలు తిప్పడమే. ఆ తిప్పడం పిల్లలకోసం ఉంచాడు.

టీచరమ్మను గదిలో దిగబెట్టి ఆయన ఆఫీసు గది గుమ్మంలో నిలబడ్డాడు. వార్డెను అతిథుల గదుల లిస్టు రాస్తోంది.

“అమ్మా, ఆ కర్ర ఇప్పుడే వేసేస్తాను. పిల్లలకు బెంచీ ఉంది, కిటికీ ఉంది, గోడ ఉంది. చాలదూ?”

“సాయంత్రం నాలుగింటికల్లా వచ్చేస్తున్నారుగా బాబాయ్. ఇన్నాళ్లు ఆగాం, ఈ ఒక్కపూట ఓపిక పట్టు. పాస్టరుగారు ఆ మెట్ల ఫొటో కూడా వాళ్లకు పంపించారు.”

“సరేనమ్మా.”

ఆ మాట ఆయన నోట్లోంచి ఎంత సులువుగా వస్తుందో! పన్నెండో ఏట మేనమామ చేతికి ఉలి ఇచ్చి, చదువు చాలన్నప్పుడు సరే అన్నాడు. కొలువు చేసిన దుకాణం యజమాని పచ్చి చెక్కతో తలుపులు చేయమంటే, వంకర పోతాయని తెలిసీ సరే అన్నాడు. ఆ తలుపులు వంకర పోయాక తప్పు నీదేనంటూ పంపించేస్తే దానికీ సరే అన్నాడు. భార్య ఈ ఆశ్రమంలో వంట చేసేది. ఆవిడ వెంట వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆవిడ పోయి తొమ్మిదేళ్లు. “మీరు కాదనడం ఒక్కసారి చూసి చచ్చిపోతాను” అని వేళాకోళం చేసేది. ఆ ముచ్చట తీరకుండానే పోయింది.

మధ్యాహ్నం ఆశ్రమమంతా పెళ్లివారిల్లయింది. ముసలివాళ్లకు ఇస్త్రీ బట్టలు తొడిగారు. మూడింటికి వార్డెను వెనక వరండాలోకి తొంగిచూసి, మెట్లు మట్టికొట్టుకుపోయాయి, కాస్త కడిగెయ్ బాబాయ్ అంది. ఆయన రెండు బకెట్ల నీళ్లు పోసి చీపురుతో రుద్ది కడిగాడు. పొద్దున్న గీసిన ఐదు గీతలూ పాలనీళ్లయి పెరట్లోకి జారిపోయాయి. ఆరాక మళ్లీ గీయాలనుకున్నాడు. తడి రాయి మీద సుద్ద అంటుకోదు.

నాలుగైంది. నాలుగున్నరైంది. బస్సు జాడలేదు. మెట్లు ఆరాయో లేదో అని చేత్తో తడిమి, జేబులోంచి సుద్దముక్క తీసి వంగాడో లేదో, ముందు వైపు నుంచి వార్డెను కేక.

“బాబాయ్! వాళ్లు కూడలి దగ్గర దారి తప్పారట. సైకిలేసుకుని వెళ్లి తీసుకురా.”

“టీచరమ్మగారు ఐదింటికి దిగుతారమ్మా. గీతలింకా...”

“నేను చూసుకుంటాగా! ఆవిణ్ణి కూర్చోబెడతాను. ముందు వెళ్లు, చీకటి పడేలోపు రావాలి.”

ఆయన సుద్దముక్కను జేబులో వేసుకున్నాడు. “సరేనమ్మా.”

కూడలి దాటి అరమైలు దూరంలో, పెట్రోలు బంకు పక్కన బస్సు దొరికింది. పిల్లలు సైకిలును బస్సెక్కించి, ఆయన్ని డ్రైవరు పక్క సీట్లో కూర్చోబెట్టారు. “తాతగారొచ్చారు, ఇక దారి తప్పం!” అని చప్పట్లు కొట్టారు. పాట ఎత్తుకున్నారు. ఎవరో ఆయన చేతిలో బిస్కెట్లు పెట్టారు. వెనక్కి తిరిగి తలలు లెక్కపెట్టాడు, ముప్ఫై ఒకటి. ఆయన పెదవి దానంతటదే కదిలి వాళ్లతో పాట కలిపింది. ఒక్క పది నిమిషాలు ఆయనకు మెట్లూ లేవు, గీతలూ లేవు. హాయిగా ఉంది. తర్వాత ఆయన్ని ఎక్కువగా కోసింది ఈ పది నిమిషాలే.

ఐదూ ఇరవైకి బస్సు గేటులోకి తిరిగింది. ముందు గుమ్మంలో ముసలివాళ్లు వరసగా కుర్చీల్లో ఉన్నారు. వార్డెను నవ్వుతూ ఎదురొస్తోంది. మేకులాయన కళ్లు ఆ వరసను ఈ చివర నుంచి ఆ చివరిదాకా వెతికాయి. టీచరమ్మ లేదు. బస్సు దిగి ఆశ్రమం పక్కనుంచి పెరట్లోకి పరుగెత్తాడు.

టీచరమ్మ కింది మెట్టు పక్కన నేల మీద, వీపు మెట్టుకు ఆనించి కూర్చుని ఉంది. జుట్టు చెదిరింది. ఒక చెప్పు కాలికి లేదు.

“ఎక్కడికెళ్లావోయ్?” అంది అడుగుల చప్పుడు విని. “ఐదయింది. కాసేపు చూశాను. గీతలు కనబడలేదు. సరే, నేనే గీసుకుందామని వంగాను.”

ఆయన తల తిప్పి చూశాడు. రెండో మెట్టు అంచు మీద సుద్దగీత మొదలై, జానెడు దూరం పోయి, ఒక్కసారిగా కిందికి జారిపోయింది.

“దెబ్బ తగిలిందాండి?”

“తల వెనక కాస్త. గొడవ చెయ్యకు, పిల్లలొచ్చినట్టున్నారు.”

ఆయాను కేకేసి, ఇద్దరూ కలిసి ఆవిణ్ణి మంచం మీదికి చేర్చారు. సంగతి విని వార్డెను పరుగెత్తుకొచ్చింది. “మర్చేపోయాను బాబాయ్! కుర్చీలు సర్దుతూ మర్చేపోయాను” అని తల కొట్టుకుంది. డాక్టరుకు ఫోను చేసింది. కదపొద్దు, అరగంటలో వస్తున్నానన్నాడు.

మేకులాయన మంచం పక్కన ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. భోజనాల హాల్లో పిల్లలు పాట మొదలుపెట్టారు.

“ఎంతమంది వచ్చారు?” అంది టీచరమ్మ.

“ముప్ఫై ఒక్కరండి.”

“సరిగ్గా లెక్కపెట్టావా?”

“పెట్టానండి. టీచరమ్మగారూ, ఆ కర్ర ఎప్పుడో వేసేయాల్సింది. చేసే ఉంచాను. కొట్టంలో ఉంది.”

ఆవిడ చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది.

“తెలుసు. చిత్రిక చప్పుడు వినపడేది” అంది. “రోజూ రేపు వేస్తావనుకునేదాన్ని.” కళ్లు మూసుకుని, “నిద్రొస్తోంది” అంది.

ఆవిడ చెయ్యి ఆయన మణికట్టు మీద ఉంది. పాట ఒకటి అయింది, రెండోది అయింది. మూడో పాట మధ్యలో ఆ వేళ్ల పట్టు వదులైంది. ఆయన చెయ్యి కదపకుండా, ఎవర్నీ పిలవకుండా, డాక్టరు వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు. డాక్టరు చూసి దుప్పటి పైకి లాగాడు. తలకు లోపల తగిలింది, ఈ వయసులో తట్టుకోలేరు అన్నాడు. హాల్లో పాట ఆగిపోయింది. పిల్లలతో వచ్చిన బృంద నాయకుడు ప్రార్థన చేయించాడు. ఒకరిద్దరు ఆడపిల్లలు ఆవిణ్ణి చూడకపోయినా ఏడ్చారు. తప్పెవరిదని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి మేకులాయన దగ్గర జవాబుంది.

ఆయన కొట్టంలోకి వెళ్లి గుడ్డ విప్పి కర్ర తీసుకున్నాడు. వరండాలో వార్డెను ఎదురైంది. ఎర్రబడ్డ కళ్లతో కర్ర వంక చూసింది.

“ఇప్పుడెందుకు బాబాయ్? రేపు పిల్లలు...”

“కాదమ్మా” అన్నాడు ఆయన.

ఇన్నేళ్లలో ఆ నోట ఆ మాట ఆవిడ వినలేదు. తప్పుకుని దారిచ్చింది.

ఇంకా వెలుతురు పూర్తిగా పోలేదు. కర్ర ఒక చివర ఊచ మీద ఆనించి రెండో చివర కోసం తంటాలు పడుతుంటే, కళ్లద్దాల అమ్మాయి ఒకతె హాల్లోంచి వచ్చి, అడక్కుండానే అటు చివర పట్టుకుంది. పదిహేడేళ్లుంటాయేమో. ఆయన ఒక స్క్రూ బిగించి ఇంకొకటి అందుకున్నాడు.

“నేను తిప్పనా తాతగారూ? ఈ మెట్లు మా లిస్టులో ఉన్నాయి, ఫొటోలో చూశాను.” స్క్రూడ్రైవరు తీసుకుని తిప్పుతూ అంది, “రంధ్రాలు ముందే పెట్టేశారే!”

“మీకు సులువవుతుందని పెట్టాను.”

“ఎప్పుడు విరిగిందిది?”

“పంతొమ్మిది రోజులైంది.”

“మరి ఇన్నాళ్లూ ఎందుకు...”

ఆయన ఆ పిల్ల ముఖంలోకి చూశాడు. అబద్ధం చెబుదామనుకున్నాడు, చిన్నపిల్ల. నోరు రాలేదు.

“మీరొస్తారని ఉంచాం తల్లీ.”

అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. కర్ర వంక, మెట్ల వంక, వరండా చివర దీపం వెలుగుతున్న గది వంక చూసింది. కళ్లద్దాలు తీసి మోచేత్తో కళ్లు తుడుచుకుంది. మేకులాయన ఓదార్చలేదు. ఆయన దగ్గర ఓదార్పు ఉంటే ముందు ఆయనే వాడుకునేవాడు.

“గట్టిగా తిప్పమ్మా, లూజుగా ఉండకూడదు” అన్నాడు.

ఆ పిల్ల తిప్పింది. చివరి స్క్రూ ఆయన బిగించి, కర్రను రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాడు. కదల్లేదు. మొత్తం ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. అమ్మాయి లోపలికి వెళ్లిపోయింది.

పనిముట్లు ఏరుకుంటూ వంగినప్పుడు, కింది మెట్టు పక్కన గడ్డిలో తెల్లగా ఏదో కనిపించింది. ఒక చివర కాస్త అరిగి, రెండో చివర కొత్తగానే ఉన్న సుద్దముక్క.