ముందు లేచేదెవరు

అట్టపెట్టెల కంపెనీకి రెండు ఆఫీసులు. బజారు వీధిలో మేడమీద ఉన్నది పెద్దమామయ్యది, అక్కడ పెట్టెల నమూనాలు గీస్తారు. ఊరి చివర షెడ్డును ఆనుకుని ఉన్నది చిన్నమామయ్యది, అక్కడ అట్ట కోస్తారు. రెంటికీ మధ్య ఒక నెట్‌వర్క్ లైను. నెల రోజులుగా దాని బాగోగులు మేనకోడలివి. అంతకుముందు ఫోన్లెత్తేది. బతిమాలి, అలిగి, మళ్ళీ బతిమాలి ఈ పని సంపాదించుకుంది.

ఆ లైనేమో వారంగా నత్త దగ్గర నడక నేర్చుకున్నట్టు పోతోంది. ఒక్క నమూనా చేరడానికి నలభై నిమిషాలు. మిషను ఆపరేటరు చూసి చూసి, బండేసుకుని తానే వచ్చి పెన్‌డ్రైవ్‌లో పట్టుకుపోతున్నాడు.

"రోజుకి ఆరుసార్లు తిరుగుతున్నానమ్మా. ఆ వైరు పీకేసి నాకే నెట్‌వర్క్ అని పేరు పెట్టెయ్యండి" అన్నాడు.

పెద్దమామయ్య నవ్వలేదు. "సాయంత్రంలోగా బాగుచెయ్యవే. లేకపోతే రేపు బయటి కంపెనీవాళ్ళొస్తారు. నువ్వు మళ్ళీ ఫోన్ల దగ్గర కూర్చుందువుగాని."

మేనకోడలు ప్లగ్గులు పీకింది, పెట్టింది, మెట్లకింద వైర్ల పెట్టె తెరిచి దుమ్ము దులిపింది, తుమ్మింది. వైర్లు మంచివే. లైనూ మంచిదే. కాకపోతే నిండిపోయి ఉంది, ఎవరో పొద్దున తొమ్మిదింటికి తిప్పి కట్టెయ్యడం మర్చిపోయిన కుళాయిలాగా. ఏ కంప్యూటరు ఎంత వాడుతోందో లెక్క తీస్తే, అది నేరుగా పెద్దమామయ్య గది చూపించింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారుగానీ, ఈశ్వరుడి దగ్గర ఈ సాఫ్ట్‌వేర్ లేదు కాబోలు.

గది తలుపు తోసింది. తెరనిండా ఎనిమిది గళ్ళు. దొంగల భయమని వారం క్రితం రెండు ఆఫీసుల్లోనూ పెట్టించిన కెమెరాల్లో షెడ్డువన్నీ అక్కడే ఉన్నాయి, చొక్కా గుండీలు లెక్కపెట్టేంత స్పష్టంగా. మధ్య గడిలో చిన్నమామయ్య వీపు. ఆయన ముందు ఇంకో తెర. ఆ తెరమీద ఇదే గది, ఇదే బల్ల, కుర్చీలో పెద్దమామయ్య, వెనకాల నోరు తెరుచుకుని తను.

మేనకోడలు చెయ్యి ఊపింది. చిన్నమామయ్య భుజాలు ఒక్క క్షణం బిగుసుకుపోయాయి. తర్వాత ఆయనా మెల్లగా చెయ్యెత్తి ఊపాడు.

"ఏం చేస్తున్నారు మామయ్యా మీరిద్దరూ?"

"వాడు భోజనానికి లేచాడేమోనని చూస్తున్నానే. వాడికంటే ముందు నేను లేస్తే, అన్నయ్యకి ఓపిక తగ్గిందంటాడు."

"మూడైంది."

"వాడింకా లేవలేదుగా."

మేనకోడలు షెడ్డుకి ఫోను కలిపి స్పీకరు పెట్టింది. "చిన్నమామయ్యా, ఆకలెయ్యట్లేదా?"

"అన్నయ్య లేచాడా?"

"ఇద్దరూ ఒకేసారి లేవండి. నేను మూడు లెక్కపెడతా."

"వాడు లేవడు, లేచినట్టు నటిస్తాడు" అన్నాడు పెద్దమామయ్య.

"చిన్నప్పటినుంచీ ఆ పని నీదన్నయ్యా" అంది ఫోను.

మూడనగానే రెండు కుర్చీలూ కిర్రుమన్నాయి. వాళ్ళు అన్నం ముందు కూర్చునేలోపు మేనకోడలు రెండువైపులా గళ్ళన్నీ మూసేసి ఒక నమూనా పంపించింది. పదకొండు సెకన్లు. అప్పుడే బండెక్కబోతున్న ఆపరేటరు ఫోను చేసి, "అంటే నన్ను తీసేసినట్టేనా అమ్మా?" అన్నాడు.

భోంచేసొచ్చిన పెద్దమామయ్య ఖాళీ తెరకేసి దిగులుగా చూశాడు.

"బయటివాళ్ళని రమ్మందామా మామయ్యా? వాళ్ళూ ఇదే లెక్క తీస్తారు. నువ్వేం చూస్తున్నావో వాళ్ళకీ తెలుస్తుంది."

ఆయన గబగబా ఫోనందుకుని, రావద్దని ఆ కంపెనీకి చెప్పేశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఒక్క గడి ఉంచవే. తపాలా బిళ్ళంత చాలు. వాడి కుర్చీ కనిపిస్తే సరిపోతుంది."

"ఇకమీదట లైను నాదే కదా?"

"నీదేనే తల్లీ."

"అయితే అర్జీ రాసివ్వు. చిన్నమామయ్యది ఇందాకే వచ్చింది."

"వాడు ముందిచ్చాడా?" అంటూ పెద్దమామయ్య పెన్ను కోసం జేబులన్నీ తడుముకున్నాడు.