సర్దారు చేతులు

ఖిదిర్‌పూర్ మునిసిపల్ క్వార్టర్లలో మేరీరాణి గది తలుపు మీద చెక్క శిలువ ఉండేది. ఆమె పెనిమిటి బతికుండగా, రేవులో పారేసిన పెట్టె చెక్కతో చేశాడు. పై ఆఫీసు నుంచి మాట వచ్చిందని రమణబాబు దాన్ని తీయించాడు. అతను ఊడ్చేవాళ్ల మీద సర్దారు. కాదంటే గది ఉండదు. మేరీరాణి శిలువను బియ్యం డబ్బాలో దాచి, తన గదిలోనే జరిగే శుక్రవారం ప్రార్థన కూడికలో ఏడ్చింది.

వాక్యం చెప్పే సత్యారావు ఓదార్చాడు. "ఏడవకమ్మా. రోమా రాజు మనోల్లని సింహాలకేసిన కాలంలో శిలువ తగిలించుకోడానికి గోడేది? మరేటి సేసారు? లేఖనంలో ప్రతి కర్రలోనా దాన్నే సూసుకున్నారు. నోవహు ఓడ సెక్క, మోషే సేతికర్ర. యుద్ధంలో మోషే సేతులు సాపి నిలబడితే, అదీ శిలువేనన్నారు."

మర్నాడే మొదలైంది. పున్నమ్మ బట్టలారేసే కొయ్య ముందు కళ్లు మూసుకుంది. చెత్తబండి తోసే కామేష్ కిటికీ ఊచల ముందు టోపీ తీశాడు.

రమణబాబు కొయ్య పీకించాడు. ఊచలకు అట్ట కొట్టించాడు. బండిలో చీపుర్లు ఒకదాని మీదొకటి అడ్డంగా పడకూడదన్నాడు. రానురాను శిలువలు అందరికన్నా ముందు అతనికే కనపడసాగాయి. "అదుగో, ఆ కరెంటు స్తంభం!" అని అరిచేవాడు. అంతవరకూ దాన్ని చూడనివాళ్లు తలెత్తి చూసి, తల వంచేవారు.

ఇక కూడికే లేకుండా చేద్దామని, శుక్రవారం సాయంత్రం మేరీరాణి గుమ్మంలో రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డాడు.

"ఎవడెల్తాడో ఎల్లండి లోపలికి, సూస్తాను!"

ఎవరూ వెళ్లలేదు. చెప్పులు విడిచి, మెట్టు కిందే మోకరించారు.

"ఏటది? లెగండి!"

"కదలకండి దాదా," అన్నాడు కామేష్. "పాటవనీండి."

రమణబాబు కుడిచెయ్యి చూసుకున్నాడు, ఎడమచెయ్యి చూసుకున్నాడు. దించితే గుమ్మం ఖాళీ. దించకపోతే ఈ భాగోతం. పాట సాగుతూనే ఉంది. చేతులు మెల్లగా కిందికి వాలసాగాయి.

మేరీరాణికి జాలేసింది. మోషే చేతులు బరువెక్కితే చెరోపక్కా ఇద్దరు పట్టుకున్నారు కదా అనుకుని, లేచి అతని మోచేతి కింద భుజం పెట్టింది. పున్నమ్మ రెండోవైపు ఆనింది.

"సిన్న పాటే బాబూ. ఇంకా నాలుగే సరణాలు," అంది పున్నమ్మ.

"అమ్మా, ఒగ్గీయండి నన్ను!" రమణబాబు బతిమాలాడు. "ఆ సెక్కేదో మళ్లీ తలుపుకే తగిలించీయండి. అదక్కడుంటే నా వంక ఎవలూ సూడరు."

మేరీరాణి బియ్యం డబ్బా తెచ్చింది. శిలువ మీది నూక దులిపి, మేకు కొట్టమని సుత్తి అతనికే అందించింది.

రమణబాబు పుచ్చుకోలేదు. చేతులు రెండూ జేబుల్లో దోపుకున్నాడు.