నాలుగువేళ్ళ బట్ట

సంఘంలో బాప్తిస్మం తీసుకునే ప్రతివాళ్ళకీ తెల్లంగీ కుట్టేది ఆవిడే. అందుకే పాస్టరుగారి దగ్గర్నుంచి పాలవాడి దాకా అందరికీ ఆవిడ అంగీలక్క అయిపోయింది. ఆ అంగీలో ఒక కిటుకుంది. మనిషి బాప్తిస్మం తొట్టిలో దిగగానే నీళ్ళు గుడ్డను పైకి ఎత్తేసి పరువు తీస్తాయి. అలా కాకుండా కింది అంచు మడతలో బొత్తాలంత సీసపు బిళ్ళలు ఎనిమిది పెట్టి కుట్టేస్తుంది. ముప్ఫై ఏళ్ళలో ఒక్క అంగీకే ఆ బిళ్ళలు మరిచిపోయింది. అది సొంత తమ్ముడిది.

ఆ తమ్ముడు లారీల మెకానిక్కు. ఇరవయ్యో ఏట ఆ తొట్టిలో మునిగాడు. నాలుగేళ్ళు పాటలు పాడాడు, కుర్చీలు సర్దాడు, తరవాత తాగుడు మరిగి గుడి వైపు చూడటం మానేశాడు. పద్దెనిమిదేళ్ళు! మూడు నెలల కిందట ఒక ఆదివారం వచ్చి, పిలవని పేరంటానికి వచ్చినవాడిలా వెనక బెంచీ మీద ఒదిగి కూర్చున్నాడు. అంగీలక్క ఆ రోజు పాట పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాడింది.

శుక్రవారం మధ్యాహ్నం వాడు అక్క కొట్టుకి వచ్చి కుట్టుమిషను పక్కన ఒక పొట్లం పెట్టాడు. విప్పితే ఐదు మీటర్ల తెల్లగుడ్డ.

"అంగీ కుట్టాలక్కా. ఎల్లుండికి."

"ఎవరికిరా?"

"నాకే. మళ్ళీ ముంచమని పాస్టరుగారిని అడిగాను."

ఆవిడ కత్తెర పక్కన పెట్టింది. "ఆయనేమన్నారు?"

"అక్కర్లేదన్నారు. దేవుడు ఇచ్చింది వెనక్కి లాక్కోడట. నేను వదల్లేదు. సరే, నీ మనశ్శాంతి కోసం ముంచుతాలే అన్నారు."

"మరి నీకెందుకీ పట్టుదల?"

"అంతందాకా తాతగారు చెప్పారుగా."

ఆ తాతగారు సంఘపెద్ద, ఆయనకు ఆ పేరు ఊరికే రాలేదు. ఏ మాట మొదలుపెట్టినా ఆయన 'అంతం దాకా నిలబడాలి' అనే ముగిస్తాడు. మధ్యలో జారిపోయినవాడి భక్తి బూడిదలో పోసిన పన్నీరేననీ, వాడు ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టాల్సిందేననీ కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడట. అంగీలక్కకు ఒళ్ళు మండింది. కానీ ఆయనన్నది కల్పించిన మాటా కాదు. అలాంటి హెచ్చరికలు బైబిల్లో ఉన్నాయి, చదివినప్పుడల్లా తమ్ముడే గుర్తొచ్చి ఆవిడ ఆ పేజీ గబుక్కున తిప్పేసేది.

"పోయింది మళ్ళీ తెచ్చుకుంటానక్కా," అన్నాడు వాడు. గొంతు తగ్గించి, "నా భయం అది కూడా కాదు. మళ్ళీ వదిలేస్తేనో? నా సంగతి నాకు తెలుసు. మూడోసారి ఎవరు ముంచుతారు?"

ఆవిడ టేపు తీసి ఛాతీ కొలిచింది. మనిషి బాగా లావయ్యాడు. కొలతైతే తీసింది గానీ కొత్త గుడ్డ ముట్టుకోలేదు. బీరువా అడుగునుంచి పసుపురంగుకు తిరిగిన ఒక అంగీ తీసింది.

"ఇదెక్కడిది?"

"నీదే. తొట్టి పక్కన తడిది తడిగా పారేసి పోయావు. నేను తెచ్చి ఉతికి దాచాను."

పక్క కుట్లు ఒక్కొక్కటే విప్పసాగింది. తలెత్తకుండానే చెప్పేసింది. "ఒరేయ్, దీనికి బిళ్ళలు లేవు. తొందరలో మరిచిపోయాను. నువ్వు దిగగానే అంగీ బుడగలా ఉబ్బింది, పిల్లలంతా నవ్వారు. నువ్వు మానేశాక నాకనిపించేది... నీ బాప్తిస్మం సరిగ్గా కాలేదేమో, నా వల్లే నువ్వు నిలబడలేదేమోనని. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు." కళ్ళనీళ్ళు గుడ్డ మీద పడ్డాయి. తుడుచుకోలేదు.

తమ్ముడు స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"పిచ్చిదానా! తేలింది గుడ్డ. నేను మునిగాను. ముక్కులోకి నీళ్ళుపోయి రెండు రోజులు తుమ్మాను. ఆ రోజు నేను దేవుడికిచ్చిన మాట నిజం. తాగి పడున్నప్పుడు కూడా అది అబద్ధమని నాకెప్పుడూ అనిపించలేదు. నీ బిళ్ళలకీ దానికీ ఏం సంబంధం?"

"నిజంగా మునిగావా?"

"ఒట్టు."

"మరైతే మళ్ళీ ఎందుకురా?"

బయట వీధిలో ఎవరిదో బండి స్టార్టవక మొరాయిస్తుంటే వాడు అలవాటుగా అటు చెవి వేశాడు. మళ్ళీ ఇటు తిరిగాడు.

"సరే, వదిలేస్తేనో?"

"తాతగారిదీ ఒప్పే, వదలకుండా ఉండాలి. రేపటి సంగతి నాకు తెలీదు. కానీ ఇది చూడు." విప్పిన అంగీని ఒళ్ళో పరిచింది. కుట్టుకు లోపల రెండువైపులా మడిచిన బట్ట ఉంది, ఒక్కోవైపు నాలుగువేళ్ళ వెడల్పున, ఎండ తగలక ఇంకా తెల్లగా. "అప్పుడు పుల్లలా ఉండేవాడివి. అయినా వదిలాను. ఏదో ఒకరోజు లావవుతాడు, అప్పుడు విప్పి పెంచుదామని. బిళ్ళలు మరిచిపోయేంత మతిమరుపుదాన్ని, నేనే ఇంత ముందు చూసుకున్నానంటే, నిన్ను పట్టుకున్నవాడు చూసుకోడా?"

తమ్ముడు ఆ బట్టను వేలితో తడిమాడు. గ్రీజు మరక అంటింది. ఆవిడ తిట్టలేదు.

ఆదివారం వాడు తొట్టిలోకి దిగలేదు. మళ్ళీ ముంచక్కర్లేదని పాస్టరుగారికి ముందే చెప్పేశాడు. వెనక బెంచీ వదిలి అంతందాకా తాతగారి పక్కన కూర్చున్నాడు, అంగీలక్క రాత్రంతా కుట్టిన తెల్లచొక్కా వేసుకుని. వాడు తెచ్చిన ఐదు మీటర్లలో చొక్కాకు పోను మిగిలింది చాలానే. అందుకే ఆవిడ కుట్ల లోపల బట్ట కాస్త ఎక్కువే వదిలింది.

"ఇంకా లావవుతానంటావా?" అని అడిగాడు వాడు గుమ్మం దగ్గర.

"ఏమో. అయినా పడుతుంది," అంది.